ఒకటో నంబరు వేలు

"వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మన కోర్టుల్లో సర్టిఫికెట్ లేని వేలు ఏదీ సబ్మిట్ బటన్ నొక్కడానికి వీల్లేదు. ఇది నేను చెప్తున్న మాట కాదు, చరిత్ర చెప్తున్న మాట" అని న్యాయశాఖ మంత్రిగారు శుక్రవారంనాడు కోర్టు ఫైలింగ్ సెక్షన్లో ప్రకటించారు. చరిత్ర తన మాటలు చెప్పుకోడానికి ఈయన్నే ఎందుకు ఎంచుకుందో ఎవరూ అడగలేదు. మంత్రిగారు కంప్యూటర్‌కి కట్టిన రిబ్బన్ కత్తిరించారు. ఆయనది ఏ పనైనా సగంలో ఆపే స్వభావం కాదు గనక, రిబ్బన్‌తోపాటు మౌసు తీగ కూడా తెగింది. చప్పట్లు మోగాయి.

అందరికంటే వెనక, గోడకి ఆనుకొని నిలబడిన టైపిస్టమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. బీరువాలోంచి ఇంకో మౌసు తీసుకొచ్చి తగిలించింది. ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు అక్కడ టైపు మిషను ఉండేది. మిషను పోయింది, పిలుపు మిగిలింది. పద్నాలుగేళ్ళుగా టెంపరరీ. వచ్చిన దావాలో పేజీలు సరిపోయాయా, వకాలత్ మీద సంతకం ఉందా, ప్రతివాది చిరునామా ఉందా అని చూసి, వరస నంబరు ప్రకారం కంప్యూటర్లోకి ఎక్కించడం ఆవిడ పని. కావలసినవాళ్ళ కాగితాలు ముందుకు జరపమని ఎంతమంది బతిమాలినా, "వరసలో రండి బాబూ" అనేది. ఆ మాట వల్ల ఆవిడకి శత్రువులు పెరిగారు గానీ, పద్నాలుగేళ్ళలో ఒక్క నంబరు కూడా దాటలేదు.

ఆ రోజే దేశంలో మొట్టమొదటి లీగల్ టెక్నాలజీ సర్టిఫికెట్ ప్రదానం కూడా జరిగింది. కాంస్యం, వెండి, బంగారం అని మెట్లున్నాయట. మంత్రిగారు ఏకంగా ప్లాటినం దగ్గర మొదలుపెట్టారు. నంబరు ఒకటి. పరీక్ష ఎప్పుడు రాశారని ఒక విలేఖరి అడిగితే, "ప్రజాజీవితమే ఒక పరీక్ష" అన్నారు.

"సర్టిఫికెట్ అంటే కెరీర్‌కి నిచ్చెన. నన్నే చూడండి. పొద్దున లేచేసరికి మామూలు మంత్రిని. ఇప్పుడు సర్టిఫైడ్ మంత్రిని. సాయంత్రానికి ఏమవుతానో నాకే తెలీదు" అని యువతకు సందేశం ఇచ్చారు. తర్వాత, వచ్చే నెలాఖరు సాయంత్రం అయిదు గంటలకల్లా సర్టిఫికెట్‌కి దరఖాస్తు ఖాయం కాని టెంపరరీ సిబ్బందిని ఇంటికి పంపేస్తామని చిరునవ్వుతో చెప్పి వెళ్ళిపోయారు.

టైపిస్టమ్మ భర్త పోయి ఆరేళ్ళు. ఇంట్లో అత్తగారు, కాలేజీ చదువుతున్న కూతురు. ముగ్గురూ ఆ జీతం మీదే బతుకుతున్నారు. మర్నాడే వెళ్ళి సర్టిఫికెట్లు ఇచ్చే కంపెనీ కోఆర్డినేటర్ని కలిసింది. ఎంత ఎండలోనైనా టై విప్పని ఆ పెద్దమనిషిని సెక్షన్లో అందరూ టైగారు అనేవారు.

"ఇదే పని పద్నాలుగేళ్ళ నుంచి చేస్తున్నానండీ" అంది.

"ఎవరి కింద?"

"సూపరింటెండెంటుగారి కింద."

"ఆయనకి సర్టిఫికెట్ ఉందా?"

"అసలా సర్టిఫికెట్ పుట్టిందే నిన్న కదండీ!"

"నేను చెప్పేదీ అదే. నిన్నటికి ముందు చేసినదాన్ని మేం అనుభవం అనం. అలవాటు అంటాం" అన్నాడు టైగారు ఎంతో మర్యాదగా. "సర్టిఫికెట్ ఉన్న అధికారి దగ్గర ఇరవై పనిదినాలు చేయాలి. ఆ సంగతి ఆ అధికారే కంప్యూటర్లో ఖాయం చేయాలి. అప్పుడు మీ దరఖాస్తు చెల్లుతుంది. ఈలోగా ఇది చదువుకోండి" అని నున్నటి అట్ట వేసిన పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. పైన ‘లీగల్ టెక్నాలజీ: అంతర్జాతీయ ప్రమాణాలు’ అని బంగారు అక్షరాలు.

టైపిస్టమ్మ అక్కడే నిలబడి నాలుగు పేజీలు తిప్పింది. అయిదో పేజీ రెండుసార్లు చదివింది. అది తన పుస్తకమే. కొత్తగా చేరినవాళ్ళ కోసం తను ఎప్పుడో చేత్తో రాసిపెట్టిన నోటుబుక్కుని పోయినేడు సూపరింటెండెంటు జిరాక్స్ తీయించి ఎవరికో ఇచ్చాడు. తను రాసిన పన్నెండు స్టెప్పులూ పొల్లుపోకుండా అచ్చయ్యాయి. ఒక్క తొమ్మిదో స్టెప్పే సగంలో తెగింది. ‘తొమ్మిది: తెర మీద చక్రం తిరుగుతూ ఆగిపోతుంది. కంగారుపడకుండా కిటికీలోంచి బయటికి చూడాలి’ అని ఉంది. దాని కింద నేరుగా పది.

"ఇక్కడ ఒక పేజీ పోయిందండీ. జిరాక్స్ తీసినవాళ్ళు తిప్పడం మరిచిపోయినట్టున్నారు. తర్వాత..."

"అమ్మా" అన్నాడు టైగారు ఆపమన్నట్టు చేయెత్తి. "సర్టిఫికెట్ లేనివాళ్ళ దగ్గర సవరణలు తీసుకోకూడదు. అది వచ్చాక చెబుదురుగాని."

తాతకి దగ్గులు నేర్పుతున్నట్టుంది కదా అనుకుంటూ ఇంటికొచ్చి అత్తగారికి అంతా చెప్పింది. "సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ దగ్గర పనిచేస్తే గానీ సర్టిఫికెట్ రాదట, అత్తయ్యా. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళెవరూ పనిచేయరు."

"పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు" అంది అత్తగారు. "పిచ్చి ఎవరికో కనుక్కున్నావా?"

ఒకటో తారీఖు వచ్చింది. పదిన్నరకి సూపరింటెండెంటు ఉత్తర్వు మూడుసార్లు చదివి, "ఎవరూ బటన్ ముట్టుకోవద్దు" అన్నాడు. మధ్యాహ్నానికి మూడువందల దావాలు పోగుపడ్డాయి. లాయర్లు వరండాలో కేకలు మొదలుపెట్టారు. దేశం మొత్తం మీద సర్టిఫికెట్ ఉన్న వేళ్ళు ఎన్నని లెక్క తీస్తే ఒక మనిషివే తేలాయి. ఆ వేళ్ళతో మంత్రిగారు అప్పుడు ఎక్కడో వంతెన ప్రారంభిస్తున్నారు.

ఇంకెవరైనా అయితే ఉత్తర్వు వెనక్కి తీసుకునేవారు. మంత్రిగారు అలాంటివారు కారు. మర్నాడు పది గంటలకి ఫొటోగ్రాఫర్లతో సహా సెక్షన్‌కి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. "మా నాయన ప్రజల కోసం రెక్కలు ముక్కలు చేసుకున్నాడు. నేను వేళ్ళు ముక్కలు చేసుకుంటాను" అన్నారు. పత్రికలన్నీ ఆ వేలి ఫొటో వేశాయి.

ఏది ఎక్కడ నొక్కాలో చూపించడానికి ఒక మనిషి కావలసివచ్చింది. టైపిస్టమ్మని పక్కన కూర్చోబెట్టారు. సర్టిఫికెట్ లేదు గనక ఆవిడ చేయి కంప్యూటర్‌కి అడుగు దూరంలో ఉండాలని టైగారు నిబంధన పెట్టాడు. అందుకని ఆవిడ చెక్క స్కేలు పట్టుకొని దూరం నుంచే చూపించేది. కాగితాలు చూడటం, తప్పులు పట్టడం, పేజీలు లెక్కపెట్టడం అన్నీ ఎప్పటిలాగే ఆవిడవి. ఆఖర్న స్కేలు చూపించినచోట మంత్రిగారు నొక్కేవారు. మంత్రిగారి చేతికి ఎముక లేదని అనుచరులు అంటూంటారు గానీ, మూడోరోజుకే ఆ వేలు నొప్పెట్టింది.

"సార్, దీని వకాలత్‌లో సంతకం లేదు. వెనక్కి పంపాలి."

"నొక్కేశానమ్మా."

"నేను చూపించకముందేనా సార్?"

"అలవాటు పడిపోయాను. ఇంతకీ ఇవన్నీ చదవాలంటావా?"

"చదవక్కర్లేదా సార్?"

మంత్రిగారు గోడకి తగిలించిన తన సర్టిఫికెట్ వైపు చూపించారు. "అక్కడేముంది? సబ్మిషన్ నిపుణుడు అని ఉంది. పఠన నిపుణుడు అని లేదు. మనం పరిధి దాటకూడదు."

మధ్యలో ఎప్పుడైనా తెర మీద చక్రం తిరిగి ఆగిపోయేది. టైగారు పుస్తకం తెరిచి, "తొమ్మిదో స్టెప్ సార్" అనేవాడు. మంత్రిగారు గంభీరంగా కిటికీలోంచి బయటికి చూసేవారు. ఆయన అటు చూస్తుండగా టైపిస్టమ్మ కాలి బొటనవేలితో బల్ల కింద ఏదో చేసేది. చక్రం పోయి తెర మామూలుగా వచ్చేది. నిబంధన చేతులకే గానీ కాళ్ళకి లేదు. "అంతర్జాతీయ ప్రమాణమంటే ఇదీ!" అని మంత్రిగారు మురిసిపోయేవారు.

రోజులు లెక్కపెట్టుకుంటూ ఆవిడ ఇరవయ్యో రోజుకి చేరింది. అది నెలాఖరు రోజు కూడా. పొద్దున్నే తన దరఖాస్తు కంప్యూటర్ వరసలో చేర్పించింది. ఆ రోజు లెక్కలో నంబరు నాలుగువందల పన్నెండు. మంత్రిగారి వేలు ఒక్కసారి పడితే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. ఆ మాట ముందే ఆయన చెవిన వేద్దామని, "సార్, ఇరవై రోజులు మీ దగ్గర పనిచేశాను. ఇవాళ నాది కూడా ఒకటి వస్తుంది" అంది.

"నువ్వేం పనిచేశావమ్మా?" అన్నారు మంత్రిగారు నిజంగానే ఆశ్చర్యపోయి. "నొక్కిందంతా నేనే కదా! సరే, నీ నంబరు వచ్చినప్పుడు నొక్కుతాలే. నాదేం పోయింది."

ఆవిడకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా స్కేలు తీసి తర్వాతి నంబరు చూపించింది.

నాలుగూ నలభైకి నాలుగువందల పది అయింది. తర్వాతి కాగితాలు తెర మీదికి వచ్చాయి. అలవాటు ప్రకారం మొదటి పేజీ చదివిన టైపిస్టమ్మ చేతిలో స్కేలు ఆగిపోయింది. ఎవరో లాయరు వేసిన పిటిషను. మంత్రిగారు పరీక్ష రాయకుండా సర్టిఫికెట్ తీసుకున్నారనీ, ఆ ఒకటో నంబరు రద్దు చేయాలనీ దాని సారాంశం. నాలుగువందల పదకొండు. దాని కిందే తనది.

ఇది దాటించి అది ముందు చూపిస్తే ఎవరికీ తెలీదు. స్కేలు ఒక్క అంగుళం కిందకి జరిపితే చాలు. కూతురి ఫీజు గుర్తొచ్చింది. ఇంటద్దె గుర్తొచ్చింది. ‘వరసలో రండి బాబూ’ అని తను వెనక్కి పంపినవాళ్ళ మొహాలన్నీ కూడా గుర్తొచ్చాయి. చివరివే గెలిచాయి. ఆవిడకి తన మీద తనకే కోపం వచ్చింది గానీ, స్కేలు మాత్రం నాలుగువందల పదకొండు దగ్గరే పెట్టింది.

"సార్, ఇదొక్కటి చదవండి."

"ఎందుకు?"

"మీ మీదే వేశారు సార్."

"నా మీద పాటలు రాశారు, పుస్తకాలు రాశారు. పిటిషను రాస్తే తప్పా?" అని మంత్రిగారు నొక్కేశారు.

తెర మీద ఎర్రటి గడి ఒకటి లేచింది. ‘అధికారి నంబరు ఒకటి సర్టిఫికెట్‌పై ఫిర్యాదు దాఖలైనది. వివరాలు సరిచూసి దాఖలు చేసినవారు: అధికారి నంబరు ఒకటి. తీర్పు వచ్చువరకు వీరి ఖాతా నిలిపివేయడమైనది.’ దాని కింద నాలుగువందల పన్నెండు మసకగా కనిపిస్తూ ఉంది.

మంత్రిగారు ఇంకో నాలుగుసార్లు నొక్కారు. చూపుడువేలితో కాకపోతే బొటనవేలితో ప్రయత్నించారు. టైగారు చెమట తుడుచుకుంటూ పుస్తకం తెరిచాడు. "తొమ్మిదో స్టెప్ సార్."

"ఇది తొమ్మిది కాదండీ" అంది టైపిస్టమ్మ.

"సర్టిఫికెట్ వచ్చాక చెప్పండి."

మంత్రిగారూ టైగారూ కిటికీలోంచి బయటికి చూశారు. టైపిస్టమ్మ గోడ గడియారం వైపు చూసింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ ఒళ్ళు మండింది. అయిదు కొట్టగానే స్కేలు బల్ల మీద పెట్టి, సొరుగులోని పాత నోటుబుక్కు సంచీలో వేసుకొని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాటి పత్రికలు మంత్రిగారిని ఆకాశానికెత్తాయి. తన మీద తానే కేసు దాఖలు చేసుకున్న నాయకుడు ప్రపంచ చరిత్రలో మరొకడు లేడని సంపాదకీయాలు రాశాయి. పిటిషను మాత్రం విచారణకి రాలేదు. తారీఖు వేయడానికి సర్టిఫికెట్ ఉన్న వేలు కావాలి, ఆ వేలేమో పిటిషనులో ఉంది. మంత్రిగారి త్యాగానికి గుర్తుగా ఆయనకి మరో రెండు శాఖలు అదనంగా ఇచ్చారు. మిగతా దావాల కోసం టైగారికి అత్యవసరంగా రెండో నంబరు సర్టిఫికెట్ ఇచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

నాలుగోరోజు సాయంత్రం టైపిస్టమ్మ ఇంట్లో ఫోను మోగింది. అత్తగారు తీసి, "ఎవరో ఆయాసపడుతున్నారు" అని కోడలికి ఇచ్చింది.

"అమ్మా, నేను, కోఆర్డినేటర్ని. చక్రం తిరుగుతూ ఆగిపోయింది."

"కిటికీలోంచి చూశారా?"

"పొద్దున పదింటి నుంచి చూస్తూనే ఉన్నాం. సెక్షనంతా చూస్తోంది. లాయర్లు చూస్తున్నారు. మంత్రిగారు స్వయంగా వచ్చి చూస్తున్నారు. మెడలు పట్టేశాయి. ఇంకెంతసేపు చూడాలో పుస్తకంలో లేదు."

టైపిస్టమ్మ దగ్గర నాలుగు రోజులుగా మనసులో కూడబెట్టుకున్న జవాబులు చాలా ఉన్నాయి. కానీ అవతల ఆగిపోయిన దావాలు ఎవరెవరివో తలుచుకుంటే ఒక్కటీ నోటికి రాలేదు. సంచీలోంచి నోటుబుక్కు తీసి, పేజీ తిప్పి, తొమ్మిదో స్టెప్‌లో మిగిలిన సగం నింపాదిగా చదివింది. "ఒక్క నిమిషం చూస్తే చాలు. తర్వాత బల్ల కింద నీలం తీగ ఊడదీసి మళ్ళీ గుచ్చాలి. అంతేనండీ."

అవతల కాగితం మీద కలం గీకుతున్న చప్పుడు వినిపించింది. అది ఆగింది.

"చాలా థాంక్సమ్మా. నోట్ చేసుకున్నాను" అన్నాడు టైగారు. "తీగ ముట్టుకునేముందు ఇక్కడ ఒక గడి నింపాలి. మీ సర్టిఫికెట్ నంబరు చెప్పండి."