అభిమానం వేరు, లైను వేరు

పిడుగు బ్యాండు ఆఖరి ప్రదర్శన నాడు హాలు బయట లైనులో జరిగిన సంఘటన పూర్తిగా నిబంధనల ప్రకారమే జరిగిందని మా సంచార శ్రోతల సంఘం సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. అయినా కొందరు, జన్మలో ఒక్కరోజు కూడా మా లైనులో నిలబడి ఎరగనివాళ్ళు, "అదేం పని, ఆయన్నే వెనక్కి పంపుతారా?" అని చెవులు కొరుక్కుంటున్నారు. అందుచేత సంఘం కార్యదర్శి హోదాలో ఈ వివరణ ఇవ్వవలసి వస్తోంది. ఇందులో నా సొంత అభిప్రాయాలు లేవు. ఉన్నా, అవి రిజిస్టరులోకి ఎక్కలేదు.

ముందు సంఘం గురించి నాలుగు మాటలు. రాక్ బ్యాండు అభిమానులంటే జుట్టు విరబోసుకుని గంతులేసే కుర్రకారు అని లోకం అనుకుంటుంది. మాలో గంతులేసేవాళ్ళు లేరు. గంతులేస్తే లైను చెదిరిపోతుంది. బ్యాండు ఏ ఊరు వెళితే ఆ ఊరు వెళ్ళడం, పొద్దున్నే హాలు గేటు ముందు చేరడం, అరచేతి వెనక చెరగని సిరాతో నంబరు వేయించుకోవడం, మూడు గంటలకోసారి హాజరు పలకడం, సాయంత్రం గేటు తీయగానే నంబరు ప్రకారం ఒకరినొకరు తోసుకోకుండా లోపలికి నడవడం, ఇదీ మా కార్యక్రమం. ఆ తరవాత పాటలు కూడా ఉంటాయి.

ముందొచ్చినవాళ్ళకి ముందు నంబరు ఇచ్చే అనాగరిక పద్ధతి మా దగ్గర లేదు. అలా అయితే నిన్నగాక మొన్న పుట్టుకొచ్చిన అభిమాని ఎవడో గేటు దగ్గర చాప పరుచుకుని పడుకుని, పాతికేళ్ళ అభిమానుల్ని వెనక్కి నెట్టేస్తాడు. ఎవరు ఎన్ని ప్రదర్శనలు చూశారో లెక్కగట్టి, ఎక్కువ చూసినవారిని ముందు నిలబెడతాం. దీన్ని సీనియారిటీ అంటారు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఈ మాట చెవిన పడగానే నడుం దానంతటదే కొంచెం వంగుతుంది. తక్కినవాళ్ళకి మేం నేర్పుతాం.

ఒకటో నంబరు మా అధ్యక్షులు, రిటైరైన డ్రిల్లు మాస్టారు. రెండువందల పన్నెండు ప్రదర్శనలు చూశారు. మెడలో ఈల ఇప్పటికీ తియ్యలేదు. రెండో నంబరు పళ్ళ డాక్టరమ్మ, రెండువందల ఎనిమిది. సగం తవ్విన పన్ను మీద తాత్కాలికంగా సిమెంటు పెట్టించుకుని, టూరు ఎప్పుడు పూర్తవుతుందా అని బ్యాండు వాళ్ళకంటే ఆత్రంగా ఎదురుచూసే రోగులు ఆవిడకి పదకొండుమంది ఉన్నారు. మూడో నంబరు నాది. నీటిమీటర్ల ఆఫీసులో గుమాస్తాను. రెండువందల మూడు. మా బావమరిది పెళ్ళీ ఒక ప్రదర్శనా ఒకేరోజు పడితే, "పెళ్ళిదేముంది, మళ్ళీ చేసుకోవచ్చు" అని మా ఆవిడకి నచ్చజెప్పి ప్రదర్శనకే వెళ్ళాను. ఆవిడ ఆ మాటని మూడేళ్ళుగా పదిలంగా దాచుకుంది. నేను కూడా తక్కువ తినలేదు, ఆ రోజు ఏ పాట తరవాత ఏ పాట పాడారో రిజిస్టరు చూసి ఇప్పటికీ చెప్పగలను.

ఇక బాబాయి సంగతి. బ్యాండులో నలుగురు. ముగ్గురు ముందు నిలబడి పాడతారు, గిటార్లు వాయిస్తారు. నాలుగో ఆయన వెనక డ్రమ్ముల మధ్య కూర్చునేవాడు. అరవై దాటినవాళ్ళకి కూడా ఆయన బాబాయే. అసలు పేరుతో ఎవరికీ అవసరం పడలేదు. ముప్పై ఏళ్ళు వాయించి వాయించి మణికట్లు అరిగిపోతే, డాక్టర్లు ఇక చాలించమన్నారు. నిరుడు తప్పుకున్నాడు. ఆ వార్త తెలిసిన రోజు మా సంఘం రెండు నిమిషాలు మౌనం పాటించింది. ఆయన బతికే ఉన్నాడని డాక్టరమ్మ గుర్తుచేస్తే మూడో నిమిషం చప్పట్లు కొట్టాం. అంత అభిమానం. ఆయన బొమ్మ లేని చొక్కా మా లైనులో వెతికినా దొరకదు.

మిగిలిన ముగ్గురూ ఒక కొత్త డ్రమ్మరుని పెట్టుకుని చివరి టూరు మొదలుపెట్టారు. ఆ టూరులో చివరి ఊరు, చివరి ప్రదర్శన. ఆ సాయంత్రంతో బ్యాండు రద్దు. హాలు పాతది. కుర్చీలు ఉండవు, నిలబడి చూడాలి. నేల చదును, వీడియో తెరలు లేవు, వెనక భాగంలో నాలుగు లావుపాటి స్తంభాలు. ముందు నిలబడినవాళ్ళకి ప్రదర్శన, వెనక నిలబడినవాళ్ళకి స్తంభం.

పొద్దున తొమ్మిదింటికి, మొదటి హాజరు అయ్యాక, బాబాయి వచ్చాడు. టోపీ, చేతిలో నీళ్ళ సీసా, రెండు మణికట్లకీ పట్టీలు. పొట్టి మనిషి. వేదిక మీద ఎత్తుపీట మీద కూర్చోవడం వల్ల ఆ సంగతి మాకు అంతవరకూ తెలీదు.

"లోపల్నించి రమ్మని పాసిచ్చారు నాయనా, వద్దన్నాను," అన్నాడు నాతో. "ముప్పై ఏళ్ళు వాళ్ళ వీపులే చూశాను. పాసు మీద వెళితే పక్కన నిలబెడతారు. అక్కణ్ణించి చెవులు కనిపిస్తాయి. పాడేటప్పుడు ఆ ముగ్గురి మొహాలు ఎలా ఉంటాయో నేను ఒక్కసారి కూడా చూళ్ళేదు. ఇవాళ తప్పితే ఇంక లేదు కదా. ఎదురుగా నిలబడి చూద్దామని వచ్చాను."

లైనంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. డ్రిల్లు మాస్టారు ఈల వేద్దామని నోట్లో పెట్టుకున్నారు కానీ ఊపిరి అందలేదు. డాక్టరమ్మ ఆయన చేతులు పట్టుకుని, "మీరు మా ఇంట్లో మనిషి బాబాయ్," అంది. తరవాత అందరూ సంతకాలడిగారు. చొక్కాకి ముందువైపు ఆయన బొమ్మ ఉండటం వల్ల సంతకానికి జాగా వెనకవైపే ఉంది. కాబట్టి ఒక్కొక్కరూ వచ్చి ఆయనకి వీపు తిప్పి నిలబడ్డారు. పట్టీలు కట్టిన చేతులతో ఆయన ఓపిగ్గా వీపు తరవాత వీపు మీద సంతకాలు చేశాడు. మొదటి సంతకం మాస్టారి వీపు మీద, మూడోది నా వీపు మీద. అక్కడ కూడా వరుస తప్పలేదని మనవి.

అది కాగానే, "నేనెక్కడ నిలబడమంటావ్?" అన్నాడు.

రిజిస్టరు తెరిచాను. "ఎన్ని ప్రదర్శనలు చూశారు బాబాయ్?"

"చూడ్డమేంటి? ఎనిమిదివందల పైచిలుకు వాయించాను."

"వాయించినవి కాదు. చూసినవి."

ఆయన నిజాయితీపరుడు. "ఒక్కటీ లేదు," అన్నాడు.

నేను సున్నా వేశాను. గుండ్రంగానే వచ్చింది. నంబరు ఆరువందల పదకొండు. ఆయన చేతి మీద సిరాతో నేనే రాశాను, పట్టీ నొక్కుకోకుండా జాగ్రత్తగా.

లైను చివర్నించి ఒక దర్జీ వచ్చాడు. ఆరువందల పది. అంతకుముందు ఒకే ఒక్క ప్రదర్శన చూసినవాడు. "ఆయన్ని వెనక్కి పంపడమేంటండీ? ఆయనే లేకపోతే ఈ లైనెక్కడిది?" అన్నాడు. ఒక్క ప్రదర్శన చూసినవాళ్ళకి ఇలాంటి ప్రశ్నలే వస్తాయి.

దానితో అధ్యక్షులు బల్ల ఎక్కవలసి వచ్చింది. ఆ ఉపన్యాసం పూర్తి పాఠం మా దగ్గర ఉంది, సంగ్రహంగా ఇస్తున్నాను. "సోదరసోదరీమణులారా! బాబాయిని నాకంటే ఎక్కువ ప్రేమించేవాడు ఈ లైనులో ఎవడైనా ఉంటే చూపించండి, వాణ్ణి లైనులోంచి తీసేస్తాను. ఆయన దరువు మీదే నా గుండె కొట్టుకుంటోంది. కానీ అభిమానం వేరు, లైను వేరు! నిరుడు ఒక గేటు కాపలాదారు అరవై ప్రదర్శనలకి హాల్లోనే ఉన్నానని నంబరు అడిగాడు. వేదికవైపు తిరిగి నిలబడలేదన్న కారణంతో అది తోసిపుచ్చాం. ఆ పేదవాడికి ఒక న్యాయం, ఈ పెద్దమనిషికి ఒక న్యాయమా? ఇవాళ వాయించినాయన్ని ముందు నిలబెడితే రేపు పాట రాసినాయన వస్తాడు, ఎల్లుండి వైర్లు కలిపినాయన వస్తాడు. అలా వాళ్ళంతా వచ్చి నిలబడితే, ఇక అభిమానులు ఎక్కడ నిలబడాలి?"

చప్పట్లు మోగిపోయాయి. బాబాయి కూడా కొట్టాడు. చప్పట్లు ఎక్కడైనా తాళం తప్పుతుంటే ఆయన ఊరుకోలేడు, అందరినీ ఒక దారికి తెచ్చాడు.

అయితే మా నిబంధనలు రాతిబండలు కావు. పద్నాలుగో నిబంధన ప్రకారం ఏ సభ్యుడైనా స్వచ్ఛందంగా తన నంబరు మరొకరికిచ్చి, వారి నంబరు తాను తీసుకోవచ్చు. మాస్టారు అది చదివి వినిపించి, "బాబాయితో చోటు మార్చుకునేవాళ్ళు చేతులెత్తండి," అన్నారు.

ముందువైపు ఒక్క చెయ్యీ లేవలేదు. అందరికీ ఒక్కసారిగా తమ చెప్పుల మీద శ్రద్ధ కలిగింది. డాక్టరమ్మ సంచీలో ఏదో వెతకడం మొదలుపెట్టింది. అది ఇప్పటికీ దొరికినట్టు లేదు. నా సంగతి దాచడం దేనికి? నాకు సిగ్గేసింది. బాబాయి నా పక్కనే ఉన్నాడు. ఆయన నా వంక చూడలేదు, చూసి ఉంటే బాగుండేది, విసుక్కోవడానికైనా వీలుండేది. నా చెయ్యి కొంచెం లేచింది కూడా. అంతలో మాస్టారు ఇటు తిరిగారు. జేబులోంచి కలం తీస్తున్నట్టు సర్దుకున్నాను. ఒకవైపు ఆయన ముప్పై ఏళ్ళ కోరిక, మరోవైపు నా రెండువందల మూడు ప్రదర్శనలు. తక్కెడ నా చేతిలోనే ఉంది. సొంత తక్కెడ ఎటు మొగ్గుతుందో మీకు తెలియనిది కాదు.

చేతులు అసలు లేవలేదని మాత్రం ఎవరూ అనకూడదు. ఆరువందలు దాటిన పదిమందీ, పదికి పది చేతులూ ఎత్తారు. పిండికొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. మా లైనులో నంబరు కొద్దీ ఔదార్యం. ఆ పదిమందిలోంచి దర్జీని ఎంపిక చేశాం. అతను ఆరువందల పది బాబాయికిచ్చి, ఆరువందల పదకొండు తీసుకున్నాడు. ఆ మహాత్యాగాన్ని మాస్టారు పావుగంట సేపు కొనియాడారు. బాబాయి ఒక అడుగు ముందుకు జరిగాడు. చేతి మీద పాత అంకె కొట్టేసి కొత్తది రాశాను.

మధ్యాహ్నం హాజరప్పుడు ఆయన పలకలేదు. ఎక్కడో లైను మధ్యలో ఎవరి వీపు మీదో సంతకం చేస్తున్నాడట. నిబంధన ప్రకారం గైర్హాజరు వేశాను. రెండోసారి జరిగితే పేరు కొట్టేస్తామని చెప్పాను. "ఇంకెప్పుడూ జరగదు నాయనా," అన్నాడు వినయంగా.

సాయంత్రం గేటు తీశారు. సూది జారినా వినిపించే క్రమశిక్షణతో లోపలికి నడిచాం. వేదికకి మూడడుగుల దూరంలో నేను. మొత్తం పద్దెనిమిది పాటలు, మొదలైన సమయం, ముగిసిన సమయం, గాయకుడు మంచినీళ్ళు తాగిన సందర్భాలతో సహా ఒక్కటీ వదలకుండా రిజిస్టరులో ఎక్కించాను. చివరి పాట ముందు గాయకుడు మైకు పట్టుకుని, "ఇవాళ మా బాబాయి మాతో లేడు. ఎక్కడున్నాడో..." అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. "బాబాయ్! బాబాయ్!" అని ఆరువందలమందీ వేదికవైపు చూస్తూ అరిచారు. వెనక్కి మాత్రం ఎవరూ తిరగలేదు. తిరిగితే చోటు పోతుంది.

చివర్న జ్ఞాపకార్థం ఫోటో తీశారు. ఆ ఫోటోలు ఎలా తీస్తారో మీకు తెలుసు. బ్యాండు జనానికి వీపు తిప్పి నిలబడుతుంది, ఫోటోగ్రాఫరు డ్రమ్ముల పీట దగ్గర నిలబడి తీస్తాడు, జనం వెనకాల కనిపిస్తారు. ముగ్గురి మొహాలూ అందులో బ్రహ్మాండంగా వచ్చాయి. అంత చక్కగా కనిపించిన చోటు ఆ హాల్లో అదొక్కటే. నేను గాయకుడి మోచేతి వెనక పడిపోయాను. దూరంగా స్తంభం పక్క నుంచి ఒక టోపీ మాత్రం కనిపిస్తుంది. మునివేళ్ళ మీద లేచి నిలబడినట్టుంది, సగం నుదురు కూడా పడింది.

బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర కలిశాడు. మర్యాద కోసం, "చూశారా బాబాయ్?" అన్నాను.

"చూశాను నాయనా."

"ఎలా ఉంది?"

"వీపులే. కానీ ఈసారి ప్రతి వీపు మీదా నా సంతకం ఉంది," అన్నాడు. నవ్వాడు కూడా. ఎందుకు నవ్వాడో రిజిస్టరులో రాయడానికి గడి లేదు.

ఇంటికెళ్ళి ఇదంతా మా ఆవిడకి చెప్పాను. అంతా విని, "ఇంతకీ చివరి పాట పాడేటప్పుడు ఆ ముగ్గురి మొహాలు ఎలా ఉన్నాయండీ?" అంది. నేను లేచి రిజిస్టరు తెచ్చాను. మా ఆవిడ దీపం సరిగ్గా ఇటు తిప్పి, నేను వెతకడం పూర్తయ్యేదాకా మాట్లాడకుండా కూర్చుంది.

బ్యాండు రద్దయినా సంఘం రద్దు కాలేదు. నంబర్లు ఎప్పటిలాగే చెల్లుతాయి. బాబాయి ఖాతాలో 'చూసిన ప్రదర్శనలు: ఒకటి' అని నమోదు చేశాం. ఇంత జరిగాక కూడా, "నేనే గనక అక్కడుంటే నా చోటు ఆయనకి ఇచ్చేసేవాణ్ణి" అని మీలో చాలామంది అనుకుంటున్నారని మాకు తెలుసు. మీ మంచి మనసుకి నమస్కారాలు. మీలాంటివారు సంఘానికి కావాలి. కొత్త సభ్యుల నంబర్లు ఆరువందల పన్నెండు నుంచి మొదలవుతాయి. ఆ మాట అనుకోవడానికి అంతకంటే మంచి చోటు లైనులో ఇంకెక్కడా లేదు.