తెల్లజుట్టు మేస్త్రీ పార్సిల్ విజయము

క్యూలలో నిలిచి కుడికాలి బరువును ఎడమకాలికిని, ఎడమకాలి బరువును కుడికాలికిని మార్చుకొనుచు ఆయువు వెళ్ళబుచ్చు సమస్త సహనమూర్తులకు మొదట నమస్కరించి, "లంచ్ తర్వాత రండి" అను మహావాక్యమును కనుగొన్న ఆ అజ్ఞాత ద్రష్టకు దూరమునుండియే ఒక దండము పెట్టి, ఇక కథలోనికి దిగుదము. వినువారు కుర్చీలు దగ్గరకు లాగుకొందురు గాక. కుర్చీ దొరకనివారు నిలిచియే విందురు గాక. ఈ కథకు అదియే తగిన భంగిమ.

అది మధ్యాహ్న భోజనములు ముగిసి, కనురెప్పలకు ఒకదానిపై నొకటికి ప్రేమ పుట్టు వేళ. పార్సిల్ ఆఫీసు పైకప్పున వ్రేలాడు ఫ్యాను, తిరుగుటయా మానుటయా యని తేల్చుకొనలేక కిర్రుకిర్రుమని మూలుగుచుండెను. అట్టి ఆ రణరంగమున, ఊర్ధ్వాధోయాన యంత్ర చికిత్సా ధురంధరుడును, అంతస్తుల నడుమ చిక్కుకొని ఆర్తనాదములు సేయు గృహస్థులకు అభయప్రదాతయు, చొక్కాపై గ్రీజు మరకలు తప్ప నడతలో మరి యే మచ్చయు లేనివాడును అగు లిఫ్టు మేస్త్రీ, ఒక చేత గుర్తింపు కార్డును, మరియొక చేత పార్సిల్ వచ్చియున్నదను సందేశముగల ఫోనును ధరించి, శత్రుదుర్గమగు కౌంటరును సమీపించెను.

ఆ వీరుని వయస్సు నలువది రెండేండ్లు. అతని తల వయస్సు మాత్రము డెబ్బది. ముప్పది దాటకముందే చెవులపైన గుడారములు వేసిన తెలుపు, కణతల కోటలను పట్టి, పాపిట రాజమార్గమున ఊరేగి, తుదకు మీసమును సైతము లోబరచుకొనెను. తోటి పనివారు "తాత" అని పేరు పెట్టిరి, నవ్వి ఊరుకొనెను. బస్సులో నిండు చూలాలొకతె లేచి సీటు ఇవ్వబోయెను, అదియు దిగమింగెను. కాని క్రిందటి నెలలో కుమార్తె చదువు బడిగేటు వద్ద తగిలిన దెబ్బ మాత్రము నేటికిని మానలేదు.

ఆనాడు గేటు కాపలా మనిషి లోనికి తొంగిచూచి, "పాపా, మీ తాతయ్యొచ్చారు," అని కేకవేసెను. రెండవ తరగతి చదువు ఆ చిన్నది స్నేహితురాండ్ర వంక ఒకసారి చూచెను. "తాతయ్య కాదు, నాన్న" అనలేదు. వంగి బూటు లేసు కట్టుకొనెను. ఆ లేసు అప్పటికే కట్టియుండెను. చక్కగా కట్టిన లేసును విప్పి మరల కట్టుకొనుచున్న ఆ చిన్న వేళ్ళను మేస్త్రీ చూచెను. ఇంటికి పోవు దారిలోనే, ఇల్లాలికి సైతము చెప్పక, జుట్టుకు వేయు నల్లరంగు డబ్బా నొకదానిని ఫోనులో ఆర్డరు చేసెను.

రేపే బడిలో తల్లిదండ్రుల సమావేశము. డబ్బా ఇంటికి వచ్చినప్పుడు మేస్త్రీ ఎవరి అపార్టుమెంటులోనో లిఫ్టు గుంతలో ఉండెను, ఇల్లాలు ఆఫీసులో ఉండెను. తీసుకొనువారు లేక ఆ డబ్బా ఇచ్చటికి చేరెను. ఈ సాయంత్రపు బండి వచ్చెనా, డబ్బా వచ్చిన దారినే తిరిగిపోవును. అప్పుడు రేపు మరల తాతయ్యయే. యుద్ధకారణము ఇది.

కౌంటరు వెనుక, రబ్బరుముద్రాంకిత దక్షిణ హస్తయు, స్టాప్లర్ గదాధారిణియు అగు కౌంటరు మేడమ్ కూర్చుండియుండెను. ఏబది దాటినను ఆమె జడ కాటుకవలె నల్లగా ఉండెను. ఆ నలుపును మేస్త్రీ ఒక నిట్టూర్పుతో చూచెను.

"కార్డు ఇవ్వండి, బాబాయిగారూ," అనెను మేడమ్.

బాబాయిగారు. తనకంటె నిండా ఎనిమిదేండ్లు పెద్దదగు స్త్రీ నోట బాబాయిగారు. మొదటి బాణము గుండెకే తగిలినను వీరుడు చలింపక కార్డు అందించెను. కార్డు మీది ఫోటో పెండ్లికి ముందుది. అందులో నిగనిగలాడు క్రాఫుతో, కత్తిమొనవంటి మీసముతో నొక యువకుడు లోకమును చులకనగా చూచుచుండెను. మేడమ్ ఫోటోను చూచెను, మేస్త్రీని చూచెను, మరల ఫోటోను చూచెను.

"ఇది మీ అబ్బాయి కార్డండీ. పార్సిల్ కూడా అబ్బాయి పేరు మీదే ఉంది. ఆయన్నే రమ్మనండి."

అప్పుడు మేస్త్రీ, "ఓ కౌంటరేశ్వరీ, కాలము నా కేశములను పిండిలో ముంచెనే గాని నన్ను ముంచలేదు. ఆ పటమున మిడిసిపడుచున్న కృష్ణకేశుడును, నీ యెదుట చెమటలు క్రక్కుచున్న శ్వేతకేశుడును ఒక్కడే. ఇరువురిని కన్నతల్లి ఒక్కతెయే. ఇరువురి చొక్కా కొలతలు వేరైనను వారి ఆత్మ యొక్కటియే. నీ సందేహతిమిరమును పారద్రోలి నా డబ్బాను నాకిమ్ము," అని దిక్కులు పిక్కటిల్లునట్లు గర్జింప దలచెను. నోట వచ్చినది మాత్రము వేరు.

"అది నేనేనండి," అనెను.

"అందరూ అలాగే అంటారు బాబాయిగారూ. మొన్నొకాయన తమ్ముడి కార్డు తెచ్చి నేనే అన్నాడు. తీరా ఇచ్చాక ఆ తమ్ముడొచ్చి నా మీద పడ్డాడు." మేడమ్ ఫోటోను కొంత జాలితో పరికించెను. "మీ పోలికలే వచ్చాయి లెండి అబ్బాయికి. ముక్కయితే అచ్చు మీదే."

"నా ముక్కే కదండీ మరి. నా దగ్గరే ఉంది."

మేస్త్రీ వెనుక, మెడలో కొలత టేపు వ్రేలాడదీసికొన్న టైలరొకడు అసహనముతో కాలు మార్చెను. "కాస్త తొందరగా తేల్చండి తాతగారూ, షాపుకి తాళం వేసి వచ్చాను," అనెను. ముందు బాబాయి, వెనుక తాత. వీరుడు ఉభయ సేనల నడుమ చిక్కుకొనెను.

మేడమ్ రెండవ అస్త్రమును సంధించెను. "సరే, పార్సిల్ మీదే అంటున్నారు కదా. లోపల ఏముందో చెప్పండి."

హాలంతయు చెవులు రిక్కించెను. ఇంతమంది ఎదుట తన తలకు రంగని చెప్పుటకంటె లిఫ్టు గుంతలో దూకుట మేలని మేస్త్రీకి తోచెను.

"సామానండి."

"ఏం సామాను?"

"రంగు."

"ఏం రంగు?"

"నలుపు."

"గోడలకి నలుపేంటండీ?"

"గేటుకేమోనమ్మా," అని టైలరు అడగకయే సాయపడెను. "మేమూ నలుపే వేయించాం. రెండు పూతలు వెయ్యండి తాతగారూ, తుప్పు పట్టదు."

మేస్త్రీ చేయి తనంత తానే తల వైపు లేచి, సగము దారిలో పరువు గుర్తుకు వచ్చి, చెవి గోకికొని వెనుకకు మరలెను. "ఆ, గేటుకేనండి," అనెను.

మేడమ్ వెనుకనున్న అరలోనుండి పార్సిల్ తీసి అరచేతిలో నిలిపెను. అది అరచేతిని దాటలేదు. "ఇంత డబ్బాతో ఏం గేటు వేస్తారండీ?" అనెను. క్యూ అంతయు కిసుక్కున నవ్వెను. నీతికి కట్టుబడి బ్రదికిన మనిషి ఒక్క అబద్ధమాడి, ఆ ఒక్కటియు అతుకక, చెవుల కొనల దాక ఎర్రబడి నిలిచెను.

"ఆఖరిగా అడుగుతున్నాను," అనుచు మేడమ్ కార్డును తనవైపు త్రిప్పుకొనెను. "ఈ కార్డులో ఉన్న పుట్టిన తేదీ చెప్పండి."

ఈ అస్త్రమునకు మాత్రము మేస్త్రీ వద్ద విరుగుడు కలదు. అతడు ఛాతీ విరిచెను. "ఏప్రిల్ ఇరవై ఆరు. శుక్రవారం, తెల్లవారుజామున. అప్పుడు కరెంటు కూడా లేదంట."

తేదీ సరిపోయెను. క్యూలో ఒకరిద్దరు తలలూపిరి. విజయలక్ష్మి దండ చేతబట్టి ఒక అడుగు ముందుకు వేసెను. కాని మేడమ్ పెదవి విరిచి, "కొడుకు పుట్టినరోజు తండ్రికి తెలియదాండీ?" అనెను.

ఆ తర్కము ముందు విజయలక్ష్మి దండతో సహా వెనుకకు పోయెను. నిజమే కదా, తెలియకేమి. మేస్త్రీ పార్సిల్ వంక చూచెను. బయట బండి హారను వినబడెను. అతని కన్నులలో ఒక చిన్న బూటు లేసు మెదలెను.

అప్పుడు టైలరు, ఎవరిని ఉద్ధరింపవలెననియు కాక, ఊరకనే, "నాకు తెలీదమ్మా," అనెను.

అందరును అటు తిరిగిరి. "ఏం తెలీదు?" అని మేడమ్ అడిగెను.

"మావాళ్ళ పుట్టినరోజులు. ఇద్దరున్నారు. ఇద్దరివీ తెలీవు. ఒకడిది ఎండాకాలమని గుర్తు." టైలరు ఆలోచించి, "పెద్దాడిదనుకుంటా," అని చేర్చెను.

క్యూ చివరనున్న పెద్దామె యొకతె, "నయం. మా ఆయనకి ఎంతమంది పిల్లలో తెలుసు, అంతవరకే," అనెను. మరియొకతె, ఆస్పత్రిలో బిడ్డ పుట్టిన తేదీ అడిగినప్పుడు తన భర్త ఇంటికి ఫోను చేసిన వృత్తాంతము విప్పెను. హాలులోనున్న మగవారందరును ఏకకాలమున ఫ్యాను వైపు చూడసాగిరి.

మేడమ్ చేతిలోని స్టాప్లరు నెమ్మదిగా బల్లమీదికి దిగెను. "మా ఆయనా అంతే," అనెను. "బళ్ళో చేర్చేటప్పుడు చిన్నదానికి పెద్దదాని తేదీయే రాయించి వచ్చాడు, సంవత్సరంతో సహా. కాగితాల్లో ఇప్పటికీ వాళ్ళిద్దరూ కవలలే." ఆమె చూపు మేస్త్రీ మీద క్రొత్తగా నిలిచెను. "మీకు పిల్లలున్నారా?"

"ఒక పాపండి."

"పాప పుట్టినరోజు ఎప్పుడు?"

తన జన్మదినమును వారముతో, వేళతో, కరెంటు కోతతో సహా వల్లించిన ఆ నాలుక, ఇప్పుడు ఎండిన జిగురువలె అంగిలికి అంటుకొనెను.

"అక్టోబరు..."

"ఆ, అక్టోబరు?"

"పద్దెనిమిది. కాదు, పంతొమ్మిది. ఒక్క నిమిషమండీ, మా ఆవిడకి ఫోన్ చేసి చెబుతా."

"తండ్రే," అనెను క్యూ అంతయు ఒక్క గొంతుతో.

మేడమ్ తీర్పు చెప్పెను. "తడుముకున్నది పిల్ల పుట్టినరోజుకి. తడుముకోకుండా చెప్పింది తన పుట్టినరోజు. ఈయన ఈయనే." ముద్ర దభీమని పడెను. ఆ ధ్వనికి ఫ్యాను సైతము ఒక చుట్టు నిక్కముగా తిరిగెను.

పార్సిల్ అందించుచు ఆమె ముందుకు వంగెను. అప్పుడు మేస్త్రీకి, ఆ కాటుక జడకు మూలమగు పాపిట వెంట, దారమంత సన్నని తెల్లని గీత కనబడెను. ఆమెయు అతడు చూచుట చూచెను. గొంతు తగ్గించి, "తమ్ముడూ, పాపిట దగ్గర రెండుసార్లు వెయ్యి. అక్కడే బయటపడుతుంది," అనెను.

తమ్ముడు. శ్రోతలారా, ఒక్క మధ్యాహ్నమున, ఒక్క రక్తపు బొట్టు చిందకుండ, బాబాయి పదవినుండి తమ్ముని పదవికి దిగివచ్చిన వీరుని మరియెక్కడనైన వింటిరా? ఆమెయు తన వయస్సును తానే ఒప్పుకొని ఆ మాట దానము చేసెను. అది ముద్రకంటె పెద్ద దానము.

అయినను ఆఫీసు మెట్లు దిగుచున్న మేస్త్రీకి గెలిచిన సంతోషము నిలువలేదు. సిగ్గు వేసెను. తండ్రిగా కనబడుటకై ఇంత పోరినవాడు, తండ్రికి తెలియవలసిన ముక్క తెలియకపోవుట చేతనే గెలిచెను. లేసు కట్టుకొన్న పిల్ల మీద నెలరోజులుగా లోలోపల నొచ్చుకొనుచుండిన మనస్సు, మొదటిసారి తనవైపు తిరిగి చూచుకొనెను.

ఇంటికి పోగానే, బొమ్మకు రంగులు వేయుచున్న కూతురి ప్రక్కన కూలబడెను. "నీ పుట్టినరోజు పద్దెనిమిదా పంతొమ్మిదా, తల్లీ?"

ఆ చిన్నది తల యెత్తలేదు. "ఇరవై ఒకటి, నాన్నా."

ఆ సాయంత్రము స్నానాలగదిలో అద్దము ముందు, చేతికి ప్లాస్టిక్ తొడుగు తొడిగి, కుంచె చేతబట్టి, "అక్టోబరు ఇరవై ఒకటి, అక్టోబరు ఇరవై ఒకటి" అని జపించుచు మేస్త్రీ తన శిరోరాజ్యమును మరల జయించెను. పాపిట దగ్గర రెండుసార్లు వేసెను. ఒక చెవికి కూడ కొంత అంటుకొనెను.

మరునాడు బడిగేటు వద్ద కాపలా మనిషి కండ్లు చిట్లించి చూచి, "పాపా, మీ బాబాయా?" అని అడిగెను.

పాప ఈసారి వంగలేదు. లేసు ఊడియున్నను వంగలేదు. "మా నాన్న. రంగేసుకున్నాడు," అని వీధి చివర వరకు వినబడునట్లు చెప్పి, అతని చేయి పట్టుకొని లోనికి లాగుకొనిపోయెను. రహస్యము వీధిపాలైనందుకు మేస్త్రీ సిగ్గుపడవలసినది. పడలేదు. అతనికి మొదటి రెండు మాటలే వినబడెను.

ఇల్లాలికి సెలవు దొరకలేదు గనుక టీచరు ఎదుట అతడొక్కడే కూర్చుండెను. టీచరు రిజిస్టరు తెరచి, "పాప పుట్టిన తేదీ ఒకసారి సరిచూసుకోవాలండీ. తర్వాత అమ్మగారికి ఫోన్ చేసి కనుక్కుంటాలెండి," అనెను.

"అక్టోబరు ఇరవై ఒకటి," అనెను మేస్త్రీ, ఆమె నోరు మూయకముందే.

టీచరు కలము ఆగెను. ఆమె అతనిని ఎగాదిగా చూచెను. "ఇంత టక్కున చెప్పిన నాన్నని నేనింతవరకు చూళ్ళేదండీ. ఏమీ అనుకోకండి, ఈమధ్య పిల్లల విషయంలో జాగ్రత్తగా ఉండమన్నారు. మీ గుర్తింపు కార్డు ఒకసారి చూపిస్తారా?"

మేస్త్రీ నవ్వెను. ఒరనుండి ఖడ్గమును దూయు రీతిగా జేబునుండి కార్డును దూసి బల్లమీద పెట్టెను. పటమున నలుపు, తలపై నలుపు, నడుమ అదే ముక్కు. టీచరు ఇటు చూచెను, అటు చూచెను.

"మీరే," అనెను.

ఈ గాథ చదివినవారి క్యూ ముందుకు కదులును గాక. విన్నవారికి తమ ఫోటోలతో పోలిక కుదురును గాక. బిడ్డల పుట్టినరోజు తెలియని తండ్రులు దీనిని మడిచి పెట్టిన వెంటనే, ఇల్లాలిని కాక, బిడ్డనే అడుగుదురు గాక.