అప్పాజీ గారి ఓవర్‌హాలింగు

తొంభై ఎనిమిది వేసవి. తణుకు దగ్గర పంచదార ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు అయిపోయింది. మిషన్లన్నీ విప్పి, అరిగినవి పీకి, కొత్తవి బిగిస్తున్నారు. ఆ ఓవర్‌హాలింగు చూసీ చూసీ స్టోర్సు గుమాస్తా అప్పాజీకి ఒక దివ్యమైన ఆలోచన పుట్టింది.

"శ్యామలా, పదిరోజుల్లో మన గణేష్‌బాబుకి ఇరవయ్యొకటి నిండుతుంది. తర్వాత ఫ్యాక్టరీ ఆస్పత్రిలో వాడికి ఫ్రీ వైద్యం ఉండదు. ఈలోగా టాన్సిల్స్ తీయించేద్దాం."

శ్యామలాంబ పెసరట్టు తిరగెయ్యబోయి ఆగింది. "వాడి టాన్సిల్స్‌కి ఏమొచ్చిందండీ?"

"ఇప్పుడేం రాలేదు. రేపొస్తే?"

"రేపు తలనొప్పి కూడా రావచ్చు. తల కూడా తీయించెయ్యండి!"

గణేష్‌బాబు పరుగున వచ్చాడు. "నాన్నగారూ, ఆదివారం ఉండ్రాజవరంలో వాలీబాల్ ఫైనల్సండి! కెప్టెన్ని నేనేనండి!"

"వాలీబాల్ గొంతుతో ఆడతావేంట్రా?"

పిల్లాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పాజీకీ మనసు చివుక్కుమంది. కానీ రేపు వీడికేదైనా వస్తే ఈ గుమాస్తా జీతంతో ఏం చెయ్యగలడు? ఆ భయమే కొడుకుతో సహా ఆయన్ని ఆస్పత్రిదాకా నడిపించింది. వెనకాలే శ్యామలాంబా నడిచింది.

డాక్టరు త్రిమూర్తులు గారు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. కుర్రాడి నోట్లో టార్చి వేసి, "బంగారంలాంటి టాన్సిల్సండి," అన్నారు.

"పోనీ అపెండిక్స్ తీసెయ్యండి. అది దేనికీ పనికిరాదటగా!"

"పనికిరానివన్నీ తీసేస్తే ఇంట్లో ఎవరు మిగులుతారండి అప్పాజీ గారూ?"

ఇంతలో కాంపౌండరు సత్తిరాజు రిజిస్టరు తిరగేసి, "అసలీ అబ్బాయికి నిరుడే ఇరవయ్యొకటి నిండిపోయిందండి," అన్నాడు.

"అది బడి వయసయ్యా! నాలుగేళ్ళవాణ్ణి అయిదని చెప్పి ఒకటో క్లాసులో వేసింది నేనే!"

"అలాగా? ఆ ముక్కే కాగితం మీద రాసి సంతకం పెట్టండి, పైకి పంపిద్దాం," అంటూ డాక్టరు గారు పెన్ను చాపారు.

పెన్ను చూడగానే అప్పాజీకి చెమటలు పట్టాయి. "అబ్బే, వాడు బాగానే ఉన్నాడుగా! వెళ్ళొస్తామండి."

"ఆగండి," అంది శ్యామలాంబ. "డాక్టరు గారూ, ఎలాగూ వచ్చాం కదా, వీరినోసారి చూడండి. వీరికి రిటైరయ్యేదాకా ఫ్రీయే కదండీ?"

"నాకేంటే? దుక్కలా ఉన్నాను!"

బీపీ చూసిన డాక్టరు గారు నమ్మలేక మళ్ళీ చూశారు. ఉప్పు తగ్గించమన్నారు, ఆవకాయ మానెయ్యమన్నారు, రోజూ గ్రౌండు చుట్టూ పది రౌండ్లు నడవమన్నారు. అప్పాజీ గోడకి చేరబడిపోయాడు. కొత్తావకాయ జాడీకి వాసెన కట్టి మూడ్రోజులైనా కాలేదు.

ఆదివారం ఉండ్రాజవరంలో గణేష్‌బాబు గాల్లోకి లేచి బంతిని బాదుతుంటే జనం ఈలలు వేస్తున్నారు. కోర్టు చుట్టూ అప్పాజీ రొప్పుకుంటూ నడుస్తున్నాడు. చప్పట్లు కొట్టే వంకతో ఆగబోయినప్పుడల్లా భార్య చూపు తరుముతోంది.

ఆలస్యంగా వచ్చిన సత్తిరాజు ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. "స్కోరెంతయిందండీ అమ్మగారూ?"

"ఏడు," అంది శ్యామలాంబ, భర్త మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా మూడు తిరగాలి."