రిబ్బను కోసం లేచి నిలబడ్డ వంతెన

తిరుమలగిరి నాలా మీది పాత ఎత్తుడు వంతెన మరమ్మతులు దిగ్విజయంగా పూర్తయ్యాయని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇంగ్లీషు దొరలు కట్టిన ఈ వంతెన మధ్యలో విడిపోయి పైకి లేస్తుంది. కింద పడవలు వెళ్లాలని అలా కట్టారట. ఆ నాలాలో పడవ వెళ్లిన దాఖలా లేదు. చినిగిన పరుపులు, తెగిన చెప్పులు మాత్రం వెళ్తుంటాయి. వాటికోసం వంతెన ఎత్తనక్కర్లేదు.

అయినా వారసత్వ సంపద గనక తుప్పు గీకారు, గొలుసులు మార్చారు, కొత్త మోటారు బిగించారు. అసలీ లేవడం దేనికని అడిగినవాళ్లకు ప్రారంభోత్సవం నాడు జవాబు దొరికింది. మన దగ్గర ఫ్లైఓవర్ పూర్తయితే చాలు, రిబ్బను కత్తిరించకముందే బైకులవాళ్లు బారికేడ్లు జరిపి దూరిపోతారు. ఇక్కడ ఆ బెడద లేదు. ముఖ్య అతిథి వచ్చేదాకా వంతెనను పైకెత్తి ఉంచారు. దొరల ముందుచూపును మెచ్చుకోవలసిందే.

చిన్న ఇబ్బంది ఒక్కటే. టీచర్ లూకాగారి అమ్మాయి హదస్సా పెళ్లి ఆ రోజే. తెల్లచీరలో పెళ్లికూతురు ఇవతల, పెళ్లికొడుకూ చర్చీ అవతల. చుట్టూ తిరిగి పోదామంటే ముఖ్య అతిథి కాన్వాయ్ కోసం ఆ రోడ్డు మూసేశారు.

"సార్, జెర దింపున్రి. పన్నెండు గొడితే చర్చిల ఇంకొకల్ల పెండ్లి షురూ అయితది. మా పిల్ల పెండ్లి ఆగిపోతది," అన్నారు లూకా.

ఇంజినీరు విజయేందర్ మైకు వదలకుండానే బదులిచ్చారు. "మాస్టారు, మీ తక్లీఫ్ నాకు సమజైంది. కానీ ఇప్పుడే దింపితే పెద్దసారు వచ్చి దేన్ని షురూ జెయ్యాలె? వారసత్వాన్ని కాపాడుకోవాలంటే గిట్లనే ఓపిక పట్టాలె."

చూడ్డానికి వచ్చిన మేమంతా చప్పట్లు కొట్టాం. తర్వాత ఎండ ముదిరింది, అతిథి రాలేదు. అప్పుడు ఆయన్ని తిట్టుకున్నాం. ఒక్క మనిషి కోసం ఆడపిల్ల పెళ్లి ఆపుతారా అని నేనూ గట్టిగానే అన్నాను. ఆ పిల్ల ముఖం చూస్తే నిజంగానే జాలేసింది.

చివరికి ఆయన కారులోంచే వీడియో కాల్‌లో ఆశీర్వదించారు. ఫోను ముందు రిబ్బను తెగింది, వంతెన మెల్లగా దిగింది. పన్నెండుకు ఇంకా పావుగంట ఉంది. చర్చి గేటు ఎదురుగానే కనిపిస్తోంది. హదస్సా కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

అప్పటికే మేమంతా వంతెనెక్కి సెల్ఫీలు దిగుతున్నాం.

"అన్నా, జెర జరగున్రి," అంది.

"ఒక్క నిమిషం చెల్లె, ఒక్క ఫొటో," అన్నాం.

అవతల రెండో పెళ్లికి గంట మోగేసరికి మా ఫొటోలు పూర్తయ్యాయి. అందరి ఫొటోల్లోనూ వెనకాల పెళ్లికూతురు పడింది. నా దాంట్లో ఏడుస్తూ పడింది. ఆ ముక్క తీసేసి స్టేటస్ పెట్టుకున్నాను.