నీళ్ల ఆఫీసు గోడకు గీతలు

మా నీళ్ల ఆఫీసు అంత గొప్ప ఆఫీసు ఈ భూమ్మీద ఇంకొకటి లేదు! నవ్వకండి. మూడు వారాల పాటు కొళాయిలో చుక్క రాని ఇంటి కోడలిని, నేనే చెబుతున్నాను.

మాది మూడో అంతస్తు. మొదటి వారంలోనే కింద బోరింగు దగ్గర్నుంచి బకెట్లు మోసి మా ఆయన నడుము పట్టేసింది. ఇక మిగిలింది నేనూ, మా అత్తగారూ. ఇంకో వారం ఇలా మెట్లెక్కితే ఆవిడ మంచమెక్కడం ఖాయమని డాక్టరు తేల్చేశాడు. ఆవిడ వినదు. నేను అటు తిరిగేసరికి చిన్న బకెట్ పట్టుకుని కిందికి దిగిపోతుంది. నాకు ఏడుపొస్తుంది.

ఇలాంటి కష్టాలు తీర్చడానికే ఆఫీసువారు ఒక ఇంజినీరమ్మను పిలిపించారు. పైపులో పరుగెత్తే నీరు గోడ పక్కన సుడులు తిరిగి, గోడను రుద్దుకుంటూ ఉన్న ఓపికంతా అక్కడే పోగొట్టుకుంటుందట. అదే పైపు లోపలి గోడకు, నీరు పోయే దిక్కులో, వెంట్రుకంత సన్నటి గీతలు గీస్తే సుడులు గోడకు ఆనలేక పైపైనే జారిపోతాయట. సొరచేప ఒంటిమీద ఉండేవి అలాంటి గీతలేనట! ఎనిమిదేళ్లు కష్టపడి కనుక్కున్న కొలతలతో, 'ప్రవాహం జోరుగా ఉన్నచోట గోడలకు గీతలు గీయాలి' అని ఆవిడ రాసిచ్చింది.

ఆఫీసువారు నిజాయితీపరులు. పైపులన్నీ తట్టి చూశారు. ప్రవాహం లేదు! మరి ఆ శాఖ మొత్తంలో ప్రవాహం ఎక్కడుంది? ఫిర్యాదు కాగితాలు పట్టుకుని వచ్చే జనంలో ఉంది. ఇంకేం, వరండా గోడలకు ఈ చివర నుంచి ఆ చివరి దాకా గీతలు గీయించారు. దారికి అడ్డమని బెంచీలు తీసేశారు, కౌంటరు ఎత్తేశారు, అధికారుల గదుల తలుపులు గోడలో కలిసిపోయేలా చెక్కలు బిగించారు.

ఎంత సుఖమో చెప్పలేను! ముందు గేటులో పది గంటలకు అడుగుపెడితే పదీ ఒకటికి వెనక గేటులో తేలతాం. విసుక్కునే గుమాస్తా లేడు, రేపు రమ్మనే అధికారి లేడు. వినేవాడుంటేనే కదా, వినలేదన్న బాధ! పూర్వం ఈ ఆఫీసు చుట్టూ తిరిగి కాళ్లరిగేవి. ఇప్పుడు రాపిడే లేదు, ఇంక అరిగేదేముంది? మా పక్కింటి రిటైర్డు మాస్టారు ఒక్క పూటలో పదకొండుసార్లు తిరిగొచ్చి, షుగరు తగ్గిందని మురిసిపోయాడు.

ఈ వైభవం చూస్తానని మొన్న అత్తగారు కూడా నా వెంట వచ్చింది. తన గీతలు చూసుకుందామని ఇంజినీరమ్మ కూడా అప్పుడే వచ్చింది. గోడ మీద చెయ్యి పెట్టగానే ఆవిడ మొహం వాడిపోయింది.

“ఇవి పైపుల్లో ఉండాలి కదండీ! అయినా వెంట్రుకంత గీయమంటే వేలంత గీశారేంటి?” అంది.

“సన్నగా గీస్తే బిల్లుకు జతచేసే ఫోటోలో కనపడవు మేడమ్,” అన్నాడు అక్కడే ఉన్న గీతల కాంట్రాక్టరు.

“లావైతే రాపిడి తగ్గదయ్యా, పెరుగుతుంది!”

అంతలో నిలబడి నిలబడి మోకాళ్లు లాగిన అత్తగారు నాలుగు వేళ్లూ ఆ గీతలోకి దూర్చి, గోడకు జారబడింది. “అబ్బ, పట్టుకోడానికి ఎంత వీలుగా ఉందే!” అంది. ఆవిడ వెనకాయన కూడా పట్టుకున్నాడు. ఆయన వెనకామె కూడా. ఐదు నిమిషాల్లో జనం గేటు దాకా బిగుసుకుపోయారు. ఇంజినీరమ్మ ఒక్కసారి చుట్టూ చూసి, తనూ ఒక గీత పట్టుకుంది.

గోడలో చెక్క కదిలి ఒక తల బయటికొచ్చింది. అధికారి!

“ఏంటమ్మా ఇది, దారికడ్డంగా? కదలండి!”

“నీళ్లొచ్చాక కదుల్తాలే నాయనా. ఇక్కడ మెట్లెక్కే పని లేదు, నాకు హాయిగానే ఉంది,” అంది అత్తగారు.

సాయంత్రానికి మా కొళాయి పారింది. మా వీధి వాల్వు ఎవరో మూసి మరిచిపోయారట. తిప్పడానికి అర నిమిషం పట్టిందట.

ఆ గీతలు తప్పు కొలతవని ఆఫీసువారు వెంటనే ఒప్పేసుకున్నారు. సోమవారం నుంచి పూడ్చి, గోడలు నున్నగా చేయిస్తారట. మీ కొళాయి కూడా ఎండిపోయిందా? అయితే ఆదివారం లోపే వెళ్లి, ఒక గీత గట్టిగా పట్టుకోండి!