క్రిములతో వియ్యమందిన మాత్ర

చినలంక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే యాంటీబయాటిక్ మాత్ర, మాఘమాసంలో తన కూతుర్ని ఆ ఊరి క్రిములింటికి ఇచ్చి పెళ్లి చేసింది. శుభలేఖను టీకాల పట్టిక పక్కన అంటించారు. మెడికల్ ఆఫీసర్ డాక్టర్ హైమావతి వెళ్లి అక్షింతలు వేసి, భోజనం చేసి, మధ్యాహ్నం ఓపీకి తిరిగి వచ్చారు. ఆవిణ్ణి ఆడపెళ్లివారి వరసలో కూర్చోబెట్టారు. అది న్యాయమే, ఈ సంబంధం కుదిర్చింది ఆవిడ కలమే.

ఊళ్లో ఎవరు తుమ్మినా ఆవిడ ఆ మాత్రనే పంపేవారు. జలుబు తెచ్చే వైరస్ దాని చేతికి చిక్కే రకం కాదు. ఆ సంగతి డాక్టరుకు తెలుసు, మాత్రకూ తెలుసు. కానీ ఆవిరి పట్టుకుని పడుకోమంటే చినలంకలో డాక్టరని ఒప్పుకోరు. పవరున్నది రాయమంటారు. రాయకపోతే సందు చివర మందుల షాపులో అడిగి కొనుక్కుంటారు. వరండాలో జనం, బయట ఎండ. ఆవిడ రాసేసేవారు.

అలా ఒంట్లోకి వెళ్లిన మాత్రకు అక్కడ చేయడానికి పనేమీ ఉండేది కాదు. ఊరికే కూర్చుంటే బాగుండదని స్థానిక క్రిములు మంచినీళ్లిచ్చేవి. పని ఉన్నచోటయినా పూర్తి చేయనిచ్చారా అంటే అదీ లేదు. చీము పట్టిన పుండుకు రాస్తే, నొప్పి తగ్గగానే మిగతా మాత్రలు బిస్కెట్ల డబ్బాలో పడేసేవారు. కొట్లాట సగంలో ఆగేది. చావగా మిగిలిన క్రిములు గట్టివి, మర్యాద తెలిసినవి. భోజనానికి ఉండమనేవి. రాకపోకలుంటే పరాయివాళ్లూ చుట్టాలవుతారు మరి.

చిక్కల్లా నూకరత్నం కొడుక్కి న్యుమోనియా రావడంతో వచ్చింది. ఎనిమిదేళ్లవాడు. డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తున్నాడు. ఇన్నేళ్లలో మాత్రతో ప్రాణం మీదికొచ్చిన పని పడింది ఇప్పుడే. డాక్టరు పంపారు. మాత్ర వెళ్లింది, కూతుర్ని చూసుకుంది, పప్పుచారుతో భోంచేసి వచ్చేసింది. పిల్లవాడి జ్వరం అలాగే ఉంది.

సంజాయిషీ అడిగారు.

"పిల్లనిచ్చుకున్న ఇల్లండి. వాళ్ల మీద చెయ్యెత్తి, రేపు ఏ మొహం పెట్టుకుని ఆ గడప తొక్కమంటారు?" అంది మాత్ర.

"నాకు వీడొక్కడేనండి," అంది నూకరత్నం.

మాత్ర బాధపడింది. నిజంగానే బాధపడింది, కదల్లేదు. జిల్లా కార్యాలయం దాని జవాబును కుటుంబ కారణాల కింద ఆమోదించి ఫైలు మూసేసింది.

జిల్లా ఆసుపత్రి బీరువాలో ఒక ఇంజక్షన్ ఉంది. ఖరీదైనది, ఎవరితోనూ పెద్దగా కలవదు, ఇంకా పెళ్లి కాలేదు. పిల్లవాణ్ణి అంబులెన్సులో అక్కడికి తీసుకెళ్లారు. క్రిములకు దాని మొహం తెలియదు. మొహమాటం లేకుండా కొట్టింది. రెండ్రోజులకు పిల్లవాడు లేచి ఇడ్లీ అడిగాడు. నూకరత్నం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఎవరున్నారో కూడా చూసుకోకుండా బావురుమంది.

ఆ మాట ఊరంతా పాకింది. జనం అర్జీలు పెట్టుకున్నారు, ఇంజక్షన్ చినలంకకు కూడా సరఫరా అయింది. మొదటి చీటీ నూకరత్నానిదే. కొడుకు పక్కనే నిలబడి జామకాయ కొరుకుతున్నాడు.

"ముక్కు కారిపోతందండి. ఆ పెళ్లికానిది ఒకటేసేయండి."

"జలుబుకి అది పనిచేయదమ్మా. రేపు మళ్లీ వీడికే అవసరమైతే?"

"అప్పటికి ఇంకోటి కనిపెడతార్లెండి."

డాక్టరు కిటికీలోంచి రోగుల వరస చూశారు. అది గేటు దాటి రోడ్డెక్కింది. కలం మూత తీసి రాసేశారు.

వరండా బల్ల మీద అప్పటికే క్రిముల తరఫు పెద్దలిద్దరు వచ్చి కూర్చున్నారు. ఇంజక్షన్ కుర్రాడి జాతకం అడగలేదు, ఆస్తి సంగతి ఎత్తలేదు.

"ఊళ్లోకి తరచూ వస్తుంటాడా అమ్మా?" అని మాత్రం నర్సును అడిగారు.

"ఇకనించి రోజూ వస్తాడండి."

"అయితే తొందరేం లేదు," అని పెద్దలు సర్దుకుని కూర్చున్నారు.