అయిదుకు మూడు

పాఠకులారా, శిక్షణ అనేది ఎప్పటికీ పూర్తి కాకూడదు. తొమ్మిదేళ్లుగా శిక్షణలో ఉన్నదాన్ని, అనుభవం మీద చెబుతున్నాను.

నా పేరు ఒడెస్సా ప్రూయిట్. అమెరికాలోని మిసిసిపీలో, పత్తిచేల మధ్య ఉన్న చిన్న నల్లజాతి కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. కేన్సర్ మావాళ్లనే ఎందుకు ఎక్కువగా చంపుతోందో జన్యువుల్లో వెతకాలనీ, ఆ వెతికేది మాలాంటి వాళ్లయితే బాగుంటుందనీ ఒక పెద్ద యూనివర్సిటీకి తోచింది. ఎంత మంచి మనసు! వెతకడానికి ముందు ఏటా జూన్‌లో కాస్త శిక్షణ ఇస్తామన్నారు.

మొదటి జూన్‌లో, సలహాదారు చెప్పేది ఎలా వినాలో నేర్పారు. రెండో జూన్‌లో, విన్నామని ఉత్తరం ఎలా రాయాలో నేర్పారు. నాకు ఏడుగురు సలహాదారులు. సలహాలివ్వడంలో వాళ్లకూ శిక్షణ జరుగుతున్నందువల్ల ఇంకా ఎవరినీ కలవలేదు. అయిదో ఏడాది, శిక్షణ వల్ల వచ్చే అలసటను తట్టుకోవడానికి మూడు రోజుల శిక్షణ. ఇంతటి శ్రద్ధ కన్నతల్లయినా చూపిస్తుందా?

కానుకలకూ లోటు లేదు. ఇప్పటికి పదిహేడు గుడ్డ సంచులు వచ్చాయి. మా అక్క వెర్లీన్ వాటిలో అక్రోటు లాంటి పీకాన్ కాయలు దాస్తుంది. కరపత్రం కోసం నాకు తెల్లకోటు తొడిగి, చేతికి గాజు గొట్టం ఇచ్చి ఫోటో తీశారు. అందులో ఉన్నది ద్రాక్షరసం. రంగు బాగా పడుతుందట. ఆ ఫోటోను మా పాస్టర్ గారు చర్చి గోడకు అంటించి, కింద చేపల విందు తేదీ రాశారు.

ఏటా శిక్షణ ఆఖరి రోజున ఒక ఫారం ఇస్తారు. సొంతంగా పరిశోధన చేయడానికి మీరెంత సిద్ధంగా ఉన్నారో ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయాలి. ఒకటి వేస్తే, శిక్షణంతా దండగని డబ్బిచ్చేవాళ్లు మానుకుంటారు. అయిదు వేస్తే, సిద్ధమైనవాళ్లకు శిక్షణ ఎందుకని పేరు కొట్టేస్తారు. పేరుతో పాటు జన్యువుల సమాచారం చూసే పాస్‌వర్డూ పోతుంది. అది శిక్షణలో ఉన్నవాళ్లకే ఇస్తారు, అదీ ఏడాదికి రెండు గంటలు. మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే రూఫస్ టిబ్స్ నిజాయితీకి పోయి అయిదు వేశాడు. ఆ తర్వాత అతను జన్యువన్నది చూడలేదు. అందుకే మేమంతా మూడు వేస్తాం.

నిరుడు ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి వరండాలో అలసందలు ఒలుస్తుంటే, వెర్లీన్ ఒక కాగితం నా ఒళ్లో పడేసింది.

"ఇదేంటో చెప్పవే. డాక్టరమ్మ చెప్పింది గానీ నా బుర్రకెక్కలా."

అక్క జన్యు పరీక్ష అది. మా అమ్మ నలభై ఆరేళ్లకే రొమ్ము కేన్సర్‌తో పోయింది కనుక చేయించారు. ఒక జన్యువులో తేడా కనబడింది. అలాంటి తేడాలకూ అంకెలున్నాయి. ఒకటయితే భయం లేదు, అయిదయితే ముప్పు, కేన్సర్ రాకముందే రొమ్ము తీయించుకోమంటారు. అక్కకు మూడు వచ్చింది. మంచిదో చెడ్డదో చెప్పలేమనీ, ఈ జాతివాళ్లను తగినంతమందిని ఇంతవరకు పరీక్షించలేదనీ రాసి ఉంది.

"అంటే, రొమ్ము తీయించుకోనా, ఉంచుకోనా?"

"తెలీదక్కా."

"ఎవరో ఒకరు తేల్చేదాకా ఆగమంది డాక్టరమ్మ. ఆ ఎవరో నువ్వే కదే? చర్చి గోడ మీద బొమ్మ కూడా ఉందిగా."

"నేనింకా శిక్షణలో ఉన్నా."

"ఎందాకా వచ్చిందేంటి?"

"అయిదుకి మూడు."

అక్క తన కాగితం వంక చూసి, నా వంక చూసింది. "అయితే ఈ మూడు మన వంశంలోనే ఉందన్నమాట," అంటూ అలసందల గిన్నె నా ముందుకు తోసింది.

నాకు ఒళ్లు మండింది. ఈ జూన్‌లో అయిదు వేశాను.

యూనివర్సిటీవాళ్లు ఎంతో సంతోషించి, మర్నాడే పాస్‌వర్డ్ తీసేశారు. నాకంత ధైర్యం ఎలా వచ్చిందో తోటివాళ్లకు నేర్పాలట, నన్ను శిక్షకురాలిగా తీసుకున్నారు. శిక్షకులకు ముందు రెండేళ్ల శిక్షణ ఉంటుంది. కొత్త సంచీ కూడా ఇచ్చారు.

మొన్న అందులోనే కేకు పెట్టుకుని అక్క పుట్టినరోజుకు వెళ్లాను. నలభై ఆరు నిండాయి.

"ఏమన్నా తేలిందా?" అని అడిగింది.

కేకు కోయమన్నాను.